శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరము?

2012 సెప్టెంబరులో జరిగిన ఒక సంగతితో ఈ వ్యాసము ప్రారంభిస్తున్నాము. అందులో తప్పు మాది. ఆ తప్పు మరొక ఇంటిలో జరుగకూడదనే ఇది వ్రాయుచున్నాము.

అప్పుడు మేము గుంటూరు జిల్లాలో ఒక పల్లె సంఘమునకు కొత్తగా వచ్చాము. ఒక శనివారము అర్ధరాత్రి సంఘ పెద్ద ఒకాయన ప్రభువునందు నిద్రించారు. ఇద్దరు ఆడపిల్లలు దగ్గరలోనే ఉన్నారు. ఒక్కగానొక్క కొడుకు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉద్యోగములో ఉన్నాడు. ఆదివారము ఉదయము ఆరు గంటలకు అతడు ఫోను చేశాడు. ఏడుస్తూ నాలుగు మాటలు మాత్రమే చెప్పగలిగాడు. “టికెట్టు దొరికింది బావా. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫ్లైటు. పదహారు గంటలు. నేనొచ్చేదాకా నాన్నను ఉంచండి.” బావగారు ఆ మాటలు తెచ్చి మాకు అప్పగించారు.

ఇంటి అరుగు మీద కూర్చొని మేము లెక్క వేశాము. ఆదివారము సాయంత్రము నాలుగుకు పదహారు గంటలు కలిపితే సోమవారము ఉదయము ఎనిమిది. హైదరాబాదు నుండి కారులో ఆరు గంటలు. మధ్యాహ్నము రెండు గంటలకు అబ్బాయి ఇంటిలో ఉంటాడు. ఇంకొక రెండు గంటలు వెసులుబాటు ఉంచి, సోమవారము సాయంత్రము నాలుగు గంటలకు భూస్థాపన అని మందిరములో ప్రకటించాము. చుట్టుప్రక్కల ఊళ్లకు కబురు వెళ్లినది.

సోమవారము నాలుగు అయినది. అబ్బాయి రాలేదు. ఫోను చేస్తే అది పలుకుట లేదు. అవి కరెంటు కోతల రోజులు. ఫ్రీజరు పెట్టెకు అద్దె జనరేటరు పెట్టారు. అది రెండుసార్లు ఆగిపోయినది. షామియానా క్రింద మూడు వందల మంది కూర్చున్నారు. అయిదు దాటిన తరువాత పెద్దలు మా దగ్గరకు వచ్చారు. “అయ్యగారూ, పొద్దు పోతోంది. కుర్రోడికి ఫ్లైటు తప్పిపోయి ఉంటుంది. ఇక కానిద్దామండీ” అన్నారు. తల్లి గుమ్మములో కూర్చొని, “ఇంకొంచెంసేపు చూడండయ్యా” అన్నది. ఆమె మా ముఖము చూచినది. మేము వాచీ చూచుకున్నాము. మా లెక్క ప్రకారము అతడు రావలసిన వేళ దాటి మూడు గంటలు పైన అయినది గనుక, ఇక రాడనే అనుకున్నాము. చీకటి పడకముందే, ఆరుంబావుకు మట్టి వేశాము.

రాత్రి ఎనిమిదిన్నర దాటిన తరువాత ఫోను మ్రోగినది. అబ్బాయే. “ఇప్పుడే దుబాయిలో దిగాను. ఇంకో విమానం ఎక్కాలి” అన్నాడు. మంగళవారము ఉదయము పది గంటలకు కారు వచ్చి సమాధుల తోట దగ్గర ఆగినది. అతడు ఎవరినీ ఒక్క మాట అనలేదు. చాలాసేపటికి మావైపు తిరిగి, “అయ్యగారూ, నేను ఆదివారం అన్నది మా ఆదివారం అండీ” అన్నాడు.

ఆ మాట విన్న తరువాత దూరమంటే ఏమిటో, ప్రయాణ సమయమంటే ఏమిటో నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాము. అట్లసులు తిరగవేశాము. వెళ్లి వచ్చిన వారిని అడిగాము. ఈనాడు మన సంఘములలో పిల్లలు అమెరికాలో లేని ఊరు అరుదు. కాబట్టి మేము నేర్చుకున్నది మన కుటుంబములన్నిటికీ పనికివస్తుందని నమ్ముచున్నాము.

గుమ్మడికాయ మీద దారము

హైదరాబాదు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు అతి దగ్గర దారిన కొలిస్తే దాదాపు 13,500 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు గనుక, ఇది భూగోళములో మూడవ వంతు. గుంటూరు నుండి హైదరాబాదుకు వెళ్లు దారిని ఇంచుమించు యాభైసార్లు ముడివేస్తే అంత దూరము అవుతుంది.

ఆ దారి ఎటు పోతుంది? బడి గోడ మీది పటములో అమెరికా ఎడమ చేతి కొసన ఉంటుంది. కాబట్టి విమానము పడమరగా అరేబియా, ఆఫ్రికా, అట్లాంటికు సముద్రము దాటి వెళ్తుందని అనుకుంటాము. మేమూ అట్లే అనుకున్నాము. అయితే పటము బల్లపరుపు, భూమి గుండ్రము. ఇంటిలో ఒక గుండ్రని గుమ్మడికాయ తీసుకొనండి. తొడిమ ఉత్తర ధ్రువము అనుకోండి. కాయ నడుము భూమధ్యరేఖ. నడుమునకు కొంచెము పైన ఒక ప్రక్క హైదరాబాదుకు చుక్క పెట్టండి. దాదాపు దానికి వెనుక ప్రక్కన, ఇంకొంచెము పైగా శాన్‌ఫ్రాన్సిస్కోకు చుక్క పెట్టండి. ఇప్పుడు రెండు చుక్కల మధ్య దారము బిగించి లాగండి. దారము నడుము చుట్టూ తిరుగదు. పైకి ఎక్కి, తొడిమ దగ్గరగా పోయి, అవతలి ప్రక్కకు దిగుతుంది.

నిజమైన దారియు అంతే. హైదరాబాదు నుండి గీసిన దగ్గర దారి దాదాపు ఉత్తరముగానే పోయి, హిమాలయములు, చైనా, సైబీరియా దాటి, ఆర్కిటికు అంచును తాకి, అలాస్కా మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు దిగుతుంది. పిల్లలకు ఇది చూపించండి. పెద్దలే ఎక్కువగా ఆశ్చర్యపోతారు.

కాని ఆ గీత మీద హైదరాబాదు నుండి ఎవరూ ఏకబిగిన వెళ్లుట లేదు. మధ్యలో ఎక్కడో ఒకచోట విమానము మారుతారు. మా ఊరి అబ్బాయి దుబాయిలో మారాడు. హైదరాబాదు నుండి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయి నుండి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 13,000. రెండును కలిపితే 15,550. అనగా దగ్గర దారి కంటె రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ. ఢిల్లీలో మారిన వారికి చుట్టు తక్కువ. హైదరాబాదు నుండి ఢిల్లీ 1,260, అక్కడ నుండి శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 12,370.

ఎక్కువ దూరము, తక్కువ సమయము

దూరము తెలిస్తే సమయము తెలిసినట్లే అని మనము అనుకుంటాము. నేల మీద అది చాలావరకు నిజము. ఆకాశములో కాదు.

ఎయిర్ ఇండియా సంస్థ 2015 డిసెంబరులో ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఏకబిగి విమానము ప్రారంభించినది. మొదట అది పడమరగా, యూరపు, అట్లాంటికు మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. 2016 అక్టోబరులో దారి మార్చి, తూర్పుగా పసిఫికు మహాసముద్రము మీదుగా పంపించారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు. అనగా 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినను పద్నాలుగున్నర గంటలలో చేరినది. పాత దారిన పట్టే సమయము కంటె అది చాలా తక్కువ.

కారణము గాలి. భూమికి తొమ్మిది నుండి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుండి తూర్పునకు, నదివలె గాలి ప్రవాహములు పోవుచుండును. వీటిని జెట్ స్ట్రీములు అంటారు. ఇవి తరచుగా గంటకు 160 కిలోమీటర్లు దాటుతాయి. చలికాలములో మూడు వందలు దాటిన సందర్భములు ఉన్నాయి. పెద్ద విమానము తన బలముతో గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. వెనుక నుండి గాలి తోస్తే నేల మీది లెక్కలో అది వెయ్యి దాటుతుంది. ఎదురుగాలి అయితే ఏడెనిమిది వందలకు పడిపోతుంది. కృష్ణలో పడవ నడిపేవారికి ఇది చెప్పనక్కరలేదు. ఏటివాలున పోవుట వేరు, ఏటికి ఎదురు పోవుట వేరు. పోవుటకు ఒక సమయము, వచ్చుటకు మరొక సమయము పట్టుట ఇందువలననే.

ఇక్కడ ఒక ప్రశ్న. మా యౌవనుల కూడికలో ఒక అబ్బాయి అడిగాడు: “భూమి తిరుగుతోంది గదండీ. విమానం పైకి లేచి అక్కడే ఆగితే, అమెరికాయే తిరిగి క్రిందికి వస్తుంది గదా?” మంచి ప్రశ్నే. పోవుచున్న రైలులో కూర్చొని ఒక రూపాయి బిళ్లను పైకి ఎగురవేయండి. అది వెనుక పెట్టెలో పడదు, మీ చేతిలోనే పడుతుంది. రైలుతోపాటు మీరు, బిళ్ల, పెట్టెలోని గాలి అన్నీ పోవుచున్నవి గనుక. అలాగే భూమితోపాటు దాని గాలి కూడా తిరుగుచున్నది. గాలిలో ఉన్న విమానము ఆగి ఎదురుచూచుటకు వీలులేదు.

తిన్నగా ఎందుకు పోవు?

దగ్గర దారి ఉన్నప్పుడు విమానములు ఆ గీత మీదనే ఎందుకు పోకూడదు? కారణములు మూడు.

మొదటిది కొండలు. విమానము లోపల గాలి ఒత్తిడి తప్పిపోతే పైనుండి ముసుగులు జారి ప్రయాణికులకు ప్రాణవాయువు అందిస్తాయి. అది కొద్ది నిమిషములకే సరిపోతుంది. ఆలోగా పైలటు విమానమును దాదాపు పదివేల అడుగుల ఎత్తుకు దించాలి. టిబెట్టు పీఠభూమి నేలయే సగటున నాలుగున్నర వేల మీటర్లు, అనగా పదిహేను వేల అడుగుల దరిదాపు. దిగుటకు చోటు లేదు. అందుచేత చాలా విమానములు ఆ ప్రాంతమును తప్పించుకొని పోతాయి.

రెండవది చలి. ధ్రువప్రాంతములో ఆ ఎత్తున ఇంధనము గడ్డకట్టు స్థితికి రాకుండ చూచుకోవాలి. ఆపద వస్తే దిగుటకు విమానాశ్రయములు కూడా అక్కడ తక్కువ. అయినను సిద్ధపాటు ఉన్నవారు ఆ దారిన పోగలరు. 2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానమును కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వములో నలుగురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువము మీదుగా నడిపి, బెంగుళూరులో దించారు. రెండు నగరముల మధ్య దగ్గర దారి దాదాపు 14,000 కిలోమీటర్లు. ఆ ప్రయాణమునకు పట్టినది సుమారు 17 గంటలు.

మూడవది మనుష్యులు ఆకాశములో కట్టుకున్న కంచెలు. 2022లో ఉక్రెయిను యుద్ధము వచ్చిన తరువాత అమెరికా విమాన సంస్థలు రష్యా మీదుగా ఎగురుట ఆగిపోయినది. 2025 ఏప్రిలులో పాకిస్తాను తన ఆకాశమును మన దేశపు విమానములకు మూసివేసినప్పుడు ఢిల్లీ నుండి పడమరకు పోవు విమానములు చుట్టుదారి పట్టవలసి వచ్చినది, సమయము పెరిగినది. నేల మీద తగవు వస్తే ఆకాశములో దారి మారుతుంది. కనుక పక్కింటి వారి అబ్బాయి మూడేళ్ల క్రితము వచ్చిన సమయము పట్టుకొని నేడు లెక్క వేయకూడదు.

మా ఆదివారము, మీ ఆదివారము

ఇప్పుడు మేము పొరబడిన అసలు చోటుకు వస్తున్నాము.

భూమి ఒక రోజులో 360 డిగ్రీలు తిరుగుతుంది. అనగా గంటకు 15 డిగ్రీలు. మన దేశమంతటికీ ఒకే గడియారము. అది తూర్పు రేఖాంశము 82½ డిగ్రీల మీద నడుస్తుంది. ఆ గీత మన కాకినాడకు సమీపముగానే పోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారము పడమటి రేఖాంశము 120 డిగ్రీల మీదిది. రెండును కలిపితే 202½ డిగ్రీలు. దానిని పదిహేనుతో భాగిస్తే పదమూడున్నర. మనము వారికంటె పదమూడున్నర గంటలు ముందున్నాము.

ఇందులో ఒక మెలిక ఉన్నది. అమెరికాలో మార్చి నెల రెండవ ఆదివారము గడియారమును ఒక గంట ముందుకు త్రిప్పుతారు. నవంబరు మొదటి ఆదివారము మరల వెనుకకు త్రిప్పుతారు. కాబట్టి మార్చి నుండి నవంబరు వరకు తేడా పన్నెండున్నర గంటలే. చలికాలములో పదమూడున్నర.

మా సంఘములోని తల్లులకు మేము ఒక సులువు నేర్పించాము. అక్కడి సమయమునకు పగటిని రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చండి. తరువాత వేసవిలో అరగంట, చలికాలములో గంటన్నర కలపండి. వారి ఉదయము మనకు అదే రోజు రాత్రి. వారి సాయంత్రము మనకు మరుసటి రోజు ఉదయము. ఇది గుర్తుంటే చాలు.

పైన చెప్పిన 2021 విమానమునే చూడండి. 9వ తేదీ రాత్రి బయలుదేరి 11వ తేదీ తెల్లవారుజామున దిగినది. క్యాలెండరు చూచినవారు రెండు రోజులు పట్టినది అంటారు. పట్టినది పదిహేడు గంటలే. అక్కడ 9వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు ఇక్కడ 10వ తేదీ ఉదయము పది. దానికి పదిహేడు కలిపితే 11వ తేదీ తెల్లవారుజాము మూడు. ఇక్కడ నుండి వెళ్లువారికి ఇది తలక్రిందులు అవుతుంది. సోమవారము తెల్లవారుజామున హైదరాబాదులో ఎక్కినవారు ఇరవై రెండు గంటలు ప్రయాణము చేసి, సోమవారము మధ్యాహ్నమే అక్కడ దిగవచ్చును. పోవునప్పుడు మిగిలినట్లు కనబడిన రోజు, వచ్చునప్పుడు పోయినట్లు కనబడుతుంది.

లెక్క సరిగా వేస్తే

2012 నాటి ఆ ప్రయాణమునే ఇప్పుడు సరిగా లెక్క వేద్దాము. అన్నిటినీ మన గడియారములోనే వ్రాస్తున్నాము.

శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానము బయలుదేరినది అక్కడి ఆదివారము సాయంత్రము నాలుగు. సెప్టెంబరు గనుక పన్నెండున్నర కలపాలి. మనకు సోమవారము తెల్లవారుజాము నాలుగున్నర.

పదహారు గంటలు దుబాయి వరకు మాత్రమే. అక్కడ దిగినది మనకు సోమవారము రాత్రి ఎనిమిదిన్నర.

దుబాయిలో రెండవ విమానము కొరకు మూడు గంటలు. బయలుదేరినది రాత్రి పదకొండున్నర.

దుబాయి నుండి హైదరాబాదు మూడున్నర గంటలు. శంషాబాదులో దిగినది మంగళవారము తెల్లవారుజాము మూడు.

పాసుపోర్టు చూపించి, సామాను తీసుకొని బయటకు వచ్చుటకు ఒక గంట. నాలుగు.

కారులో ఊరికి ఆరు గంటలు. మంగళవారము ఉదయము పది.

సరిగ్గా పదికే అతడు వచ్చాడు. విమానము ఆలస్యము కాలేదు. అబ్బాయి ఎక్కడా ఆగలేదు. మేము వేసిన లెక్కకు, నిజమైన లెక్కకు తేడా ఇరవై గంటలు. అందులో పన్నెండున్నర గడియారము తేడా. మిగిలిన ఏడున్నర, మేము లెక్కలోనే వేయని మజిలీ, రెండవ విమానము, బయటకు వచ్చు సమయము. సోమవారము సాయంత్రము ఆ తల్లి “ఇంకొంచెంసేపు చూడండయ్యా” అన్నప్పుడు, ఇంకా పదహారు గంటలు పడుతుందని మేము చెప్పగలిగితే, పెద్దలు తప్పక ఆగేవారు. డీజిలు తెప్పించేవారు. ఎంతసేపో తెలియనందువలననే అందరూ ఓపిక విడిచారు.

కబురు వచ్చిన రోజున

అందుచేత కుటుంబములకు మేము చెప్పు మాటలు ఇవి.

పిల్లలు ఫోను చేసినప్పుడు దుఃఖములో ఉంటారు. వారిచేత సమయము చెప్పించుకొని ఊరుకోవద్దు. టికెట్టు ఫోటో తీసి పంపమనండి. టికెట్టు మీద ప్రతి సమయము ఆ ఊరి గడియారము ప్రకారమే ముద్రించబడి ఉంటుంది. కాబట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరు సమయముతో మనకు పనిలేదు. చివరి వరుసలో హైదరాబాదులో దిగు తేదీ, సమయము ఉంటుంది. అది మన గడియారమే. దానికి బయటకు వచ్చుటకు ఒకటి రెండు గంటలు, ఊరికి పట్టే దారి సమయము కలపండి. ఇంతకంటె లెక్క అక్కరలేదు. ఆ రోజున మాకు ఈ ఒక్క సంగతి తెలియలేదు.

భూస్థాపన సమయమును తొందరపడి ప్రకటించవద్దు. పిల్లలు మధ్య మజిలీలో దిగి, రెండవ విమానము ఎక్కామని కబురు చేసిన తరువాత గట్టిగా చెప్పండి. మొదటి విమానము ఆలస్యమైతే రెండవది తప్పిపోవచ్చును. మరల దొరుకుటకు అరపూటయో, రోజో పట్టవచ్చును. ఆకాశములో ఉన్నంతసేపు ఫోను పలుకకపోవుట మామూలే. పలుకలేదని భయపడవద్దు, రాలేదని తీర్మానించవద్దు.

ఇంకొక మాట. కొందరు పిల్లలు రాలేరు. ఉద్యోగపు వీసా మీద ఉన్నవారి పాసుపోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోతే, ఇక్కడకు వచ్చిన తరువాత అమెరికా కాన్సులేటులో మరల వేయించుకొని గాని తిరిగి పోలేరు. ఆ తారీఖు ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేము. అమెరికా పౌరులైనవారు రావలెనంటే ఓసీఐ కార్డు గాని, మన దేశపు వీసా గాని ఉండాలి. “తండ్రి పోతే కూడా రాలేదు” అని ఊరిలో అనుట తేలిక. ఆ బిడ్డ అక్కడ గదిలో ఒంటరిగా ఏడ్చుట మనకు కనబడదు. తల్లిదండ్రులు పెద్దవారైన ఇండ్లలో పిల్లలు ఈ కాగితములను ముందుగానే సరిచూచుకొనుట మంచిది.

వచ్చిన బిడ్డను కూడా అర్థము చేసుకోవాలి. మనకు ఉదయము పది అయినప్పుడు అతని ఒంటికి అది రాత్రి తొమ్మిదిన్నర. ఒక రోజంతా కూర్చొనే ప్రయాణము చేసి వచ్చాడు. అతడు పట్టపగలు కునికితే, అర్ధరాత్రి లేచి కూర్చుంటే తప్పు పట్టకండి. నాలుగైదు రోజులకు గాని నిద్ర దారిలో పడదు. ఇక్కడ నుండి పిల్లల దగ్గరకు వెళ్లు పెద్దలకును ఇదే. విమానములో గంట రెండు గంటలకు ఒకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి, నీళ్లు త్రాగుచుండాలి. కాళ్లలో రక్తము గడ్డకట్టకుండ ఇది మేలు చేస్తుంది. షుగరు మందులు, ఇన్సులిను వాడువారు ఏ గడియారము ప్రకారము వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరు గారిని అడగాలి.

తొమ్మిది నెలల దారి

మన ప్రాంతపు చరిత్రలో ఇదే దూరమును గూర్చిన మరొక లెక్క ఉన్నది. లూథరన్ మిషనెరీ హయ్యరు గారు 1841 అక్టోబరులో అమెరికా తూర్పు తీరమున బోస్టనులో ఓడ ఎక్కారు. కొలంబో మీదుగా మన దేశమునకు వచ్చి, 1842 జూలై 31న గుంటూరు చేరారు. తొమ్మిది నెలలు దాటినది. శాన్‌ఫ్రాన్సిస్కో అప్పటికి మెక్సికో దేశపు చేతిలో ఉన్న చిన్న పల్లె. దాని పేరు కూడా వేరే. 1847లో గాని ఈ పేరు రాలేదు.

ఆ రోజులలో ఇంటిలో ఎవరైనా చనిపోతే సముద్రము అవతలి బిడ్డకు ఆ సంగతి నెలల తరువాత ఉత్తరములో తెలిసేది. అప్పటికి సమాధి మీద గడ్డి మొలిచేది. అతని కొరకు ఆగవలెనా, వద్దా అను ప్రశ్నయే ఉండేది కాదు. ఈనాడు దూరము తగ్గలేదు. అవే వేల కిలోమీటర్లు. ప్రయాణము మాత్రము తొమ్మిది నెలల నుండి ఒకటిన్నర రోజుకు వచ్చినది. రాగలడు గనుకనే ఆగుచున్నాము. ఆగుచున్నాము గనుకనే గంటలు లెక్క తెలిసియుండవలెను. తెలియకపోతే, విమానము దగ్గర చేసిన బిడ్డను మన అజ్ఞానము మరల దూరము చేస్తుంది. మేము చేసినది అదే.

ఆ పల్లెలో మేము ఇంకా నాలుగు సంవత్సరములు ఉన్నాము. ఆ తల్లి మమ్మును ఎన్నడును నిందించలేదు. ప్రతి ఆదివారము ఆరాధన తరువాత, “అయ్యగారూ, మా వాడికి ఇప్పుడు టైమెంత?” అని అడిగేది. “శనివారం రాత్రి పదకొండున్నర అమ్మా, పడుకొని ఉంటాడు” అని చెప్పేవారము. మొదట మేము వ్రేళ్లు మడిచి లెక్క పెట్టేవారము. కొంత కాలమునకు ఆమెయే మాకు ముందుగా చెప్పుట మొదలుపెట్టినది.

ఇప్పుడు మేము ఏ సంఘములో ఉన్నను, మందిరపు గదిలో గోడకు ఒక కాగితము అంటించి ఉంచుతాము. విదేశములలో ఉన్న మన పిల్లల ఊర్ల పేర్లు, వాటి గడియారము తేడా అందులో ఉంటాయి. అన్నిటికంటె పైన పెద్ద అక్షరములతో ఒకే ప్రశ్న వ్రాసి ఉంటుంది. కబురు వచ్చినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న అదే.

“ఏ ఊరి ఆదివారము?”